రీస్లింగ్‌కీ వంజరం పులుసుకీ కావలసిన సంతకం

పదవీ విరమణకు మూడేళ్ళ ముందు, చలికాలం మొదట్లో, మస్కట్‌లోని ఒక హోటల్లో నన్ను రెస్టారెంటుకు తాత్కాలిక మేనేజరుగా వేశారు. అంతకు ముందు పద్నాలుగేళ్ళు కెప్టెన్ని. అంటే ఆర్డర్లు తీసుకుని వెయిటర్లను నడిపించేవాణ్ణి. గడువు మూడు నెలలు. ఆలోగా జర్మన్ అతిథులకు రీస్లింగ్ విందు చేయాలి. కుదిరితే మేనేజరు, లేకపోతే మళ్ళీ కెప్టెన్. యాభై ఏడేళ్ళ వయసులో మళ్ళీ ఆర్డర్ల పుస్తకం పట్టుకోవడం నాకు చచ్చినా ఇష్టం లేదు.

రీస్లింగ్ జర్మనీ తెల్ల వైన్. పులుపు ఎక్కువ. తీపి బొత్తిగా లేకుండా ఒక రకం, కాస్త మిగిల్చి ఇంకో రకం చేస్తారు. ఏ వంటకు ఏ రకమో తేల్చాక మా హోటల్లో రుచి పత్రం నింపాలి. ‘వంటనూ వైన్‌నూ కలిపి రుచి చూశాను’ అని అడుగున ఒకరు సంతకం పెట్టాలి. అక్కడే వచ్చింది చిక్కు.

వంట జబ్బార్ భాయ్‌ది. కడప మనిషి. దగ్గర్లోని చేపల రేవు ఖురియాత్ నుంచి వచ్చిన చేపను మొప్పలు చూసి ఏ పూట పట్టారో చెప్పేవాడు. వైన్ ముట్టడు. నేను వైన్ నోట్లో తిప్పి, ఉమ్మేసి, రుచి చెబుతాను. మా వృత్తిలో అది మర్యాదే. కానీ శాకాహారిని, చేప ముట్టను. మా ఇద్దరినీ కలిపితే ఒక మనిషి. విడివిడిగా సంతకానికి పనికిరాం.

బార్ చూసే ఫ్రాన్సిస్‌ను పిలిచాం. గోవా మనిషి, రెండూ పడతాయి. ఏం పెట్టినా “సూపర్ సార్” అని సంతకం గీకేశాడు. ఆ పత్రాన్ని నమ్మి జనరల్ మేనేజరుకు కారం దట్టించిన వంజరం చేప వేపుడు, తీపి లేని రీస్లింగ్ వడ్డించాం. ఆయన ఒక ముక్క తిని, ఒక గుక్క తాగి, మొహం కందగడ్డ చేసుకుని మంచినీళ్ళ జగ్గు దగ్గరికి లాక్కున్నారు. అలాంటి వైన్ కారాన్ని ఎగదోస్తుందని నాకు తెలుసు. ఆ వేపుడు అంత కారమని తెలియదు. మేనేజరునై ఉండి వంటవాణ్ణి అడగడమేమిటని బిగుసుకు కూర్చున్నాను మరి! వారం గడువిచ్చి, పాత యూనిఫాం పారేయవద్దని ఆయన సలహా కూడా ఇచ్చారు.

మర్నాటి నుంచి డ్యూటీకి ముందు వంటగదిలో ఎదురెదురుగా కూర్చునేవాళ్ళం. వేపుడు మాని పులుసుకు దిగాం. అతను వంజరం పులుసు తింటాడు, నేను వైన్ ఉమ్ముతాను.

“పులుపు యాడ తగుల్తాంది సార్?” అని అతను.

“నాలుక పక్కల, నిమ్మకాయలాగా. నీది?”

“చింతపండు గదా, ఫస్టే కొడ్తాది. కారం ఆఖర్న వస్తాది.”

“అయితే కాస్త తీపి ఉన్న సీసా కావాలి. నువ్వు పులుపు తగ్గించు భాయ్, వైన్ పులుపును మించకూడదు.”

“పులుపు తగ్గిస్తే పులుసెట్లయితాది సార్?”

చివరికి చింతపండు సగానికి తగ్గించాడు. తీసేసిన సగం నా ముందు పెట్టి పొయ్యి దగ్గరికి వెళ్ళిపోయాడు.

రుచి పత్రాన్ని సంతకం లేకుండానే ఫైల్లో దూర్చి విందు నడిపించాను. అతిథుల్లో పెద్దాయన పులుసు, వైన్, మళ్ళీ పులుసు, ఇలా సాగించి, గిన్నె అడుగు రొట్టెతో తుడిచారు. ఆ తరువాత నన్ను పిలిచి, ఈ రెండూ మొదటిసారి కలిపి రుచి చూసినప్పుడు నాకేమనిపించిందని అడిగారు. పక్కనే జనరల్ మేనేజరు. అబద్ధం నాలుక చివరిదాకా వచ్చింది. వంటగది తలుపు దగ్గర జబ్బార్ నన్నే చూస్తున్నాడు.

నేను చేప తినలేదని చెప్పాను. “నేను వైన్ తాగలేదు సాబ్” అని అక్కడి నుంచే హిందీలో అందుకున్నాడు జబ్బార్. పెద్దాయన పడీపడీ నవ్వారు. జనరల్ మేనేజరు నవ్వలేదు. రుచి పత్రం తెమ్మన్నారు. నా పని అయిపోయిందనుకున్నాను. ఖాళీగా ఉన్న సంతకం గీత కింద ఆయన కలంతో ఇంకో గీత గీసి, పై గీత జబ్బార్‌కూ కింది గీత నాకూ చూపించారు.

ఆ వారమే మేనేజరునయ్యాను. వేపుడు కారమెంతో మొదటి రోజే అడిగి ఉంటే ఆ జగ్గెడు నీళ్ళు మిగిలేవి. తెలియనిది అడగడం కూడా ఉద్యోగంలో భాగమేనని నాకు అప్పటికి తెలిసింది. రీస్లింగ్‌తో ఏం తినాలని ఎవరడిగినా ఇప్పటికీ వంజరం పులుసని ధీమాగా చెబుతాను. ఎలా ఉంటుందని అడిగితే మాత్రం సగం నేను చెప్పి, మిగతా సగానికి జబ్బార్‌కు ఫోన్ కలుపుతాను.