పసుపు తాగిన హెడ్‌ఫోన్లు

వినడానికి చెవులిచ్చి, ఆ చెవుల్లో పడడానికి తన నామాన్ని కూడా ఇచ్చిన శ్రీమన్నారాయణుడికి ముందుగా శతకోటి నమస్కారాలు. భక్తిమార్గాలన్నిటిలో వినడాన్నే మన పెద్దలు మొదట పెట్టారని మా సత్సంగంలో గురువుగారు చెబుతుండేవారు. పాడాలంటే గొంతు కావాలి, పూజించాలంటే పువ్వులు కావాలి, వినాలంటే ఊరికే కూర్చుంటే చాలునట. ఊరికే కూర్చుని వినడం ఎంత కష్టమో నాకు ఉద్యోగంలో చేరాక గాని తెలిసిరాలేదు.

మొన్న ఆదివారం మా కోడలు ఆఫీసు మీటింగుల కోసం హెడ్‌ఫోన్లు కొనుక్కుంటానంటూ నన్ను కొత్తగూడ చౌరస్తా దగ్గరి దుకాణానికి వెంటబెట్టుకుని వెళ్ళింది. రకరకాల జతలు ముందేసుకుని, ఏది బాగుందో ఎటూ తేల్చుకోలేక, చివరికి నావైపు తిరిగి, "అత్తయ్యా, మీరొకసారి పెట్టుకుని చెప్పండి" అంది. నేను చేతులు జోడించి, ఇంకెవరినైనా అడగమన్నాను. ఎందుకని అడిగింది గాని, అది దుకాణంలో నిలబడి చెప్పే కథ కాదు. ఆ రోజుల్లో ఇటువైపు ఉద్యోగాలు చేసిన మన వయసువాళ్ళకైతే సగం చెప్పేసరికే అర్థమవుతుంది కనుక మీకు చెబుతున్నాను.

హైటెక్ సిటీలో అద్దాల మేడల కంటే బండరాళ్ళే ఎక్కువగా కనిపించే కాలం అది. కొండాపూర్‌లో కింద మందుల దుకాణం, పైన మా ఆఫీసు. విదేశాల్లో డాక్టర్లు తమ రోగుల వివరాలను గబగబా చెప్పి రికార్డు చేసి పంపిస్తే, మేము హెడ్‌ఫోన్లు తగిలించుకుని, కాలి కింది పెడలుతో ఆపుతూ నడుపుతూ, విన్నదాన్ని విన్నట్టు టైపు చేసేవాళ్ళం. ఆ డాక్టర్లు ఒక్కోసారి అన్నం తింటూ, ఒక్కోసారి కారు నడుపుతూ చెప్పేవారు కాబట్టి మా బతుకంతా చెవుల మీదే ఆధారపడి ఉండేది. కంపెనీవాళ్ళిచ్చిన హెడ్‌ఫోన్లు చెవులు నొక్కేసేవి గనుక ఎవరికి వారు కోఠీకి వెళ్ళి కొనుక్కునేవారు, కొనుక్కున్న మర్నాటినుంచీ అంతకు మించినవి ఈ భూమ్మీద లేవని మిగిలినవాళ్ళకు బోధించేవారు.

నా పక్క సీటులో గోదావరి జిల్లానుంచి వచ్చిన ఒక అన్నయ్యగారు ఉండేవారు. ఆయన సినిమా పాటల మనిషి. డప్పు మోగితే గుండెల్లో తెలియాలనేవారు. "హెడ్‌ఫోన్స్ అంటే చెవిలో జాతర జరగాలండి. మీరు కొన్నవి చూస్తే దిండు కట్టుకున్నట్టుందండి బాబూ" అని నన్ను ఆట పట్టించేవారు. మా తప్పులు దిద్దే మేడంగారు మాత్రం ముడిలోని మల్లెపూలు నలగకుండా మెడ వెనకనుంచి తగిలించుకునేవే ఉత్తమమని తీర్పు ఇచ్చేశారు. పూలు పెట్టుకోని మగవాళ్ళకు కూడా ఆవిడ వాటినే సిఫారసు చేసేవారు.

వీళ్ళందరికంటే నా పద్ధతి శాస్త్రీయమని నా గట్టి నమ్మకం. మా సత్సంగం ఆడవాళ్ళం శనివారాల్లో చేసే నామ పారాయణాన్ని ఒక క్యాసెట్‌లో పట్టుకున్నాం. ఆ క్యాసెట్టూ చిన్న ప్లేయరూ సంచిలో పెట్టుకుని కోఠీకి వెళ్ళి, దుకాణంలోని జతలన్నింటిలో విని, ఒత్తులూ పొల్లులూ ఒక్కటైనా జారిపోకుండా వినిపించిన జతను ఎంచుకున్నాను. దళసరి స్పాంజి తొడుగులతో, రెండు బొబ్బట్లు చెవులకు కట్టుకున్నట్టుండేవి. స్వామి నామమే ఇంత స్పష్టంగా వినిపిస్తుంటే డాక్టరు మాటలొక లెక్కా అనుకున్నాను.

అప్పుడే సిద్దిపేటనుంచి మా చిన్నాన్న కూతురు, నా చెల్లెలు, అదే ఆఫీసులో చేరి మా ఇంట్లోనే దిగింది. చిన్నాన్నకు అక్కడ కిరాణా దుకాణం. దీపావళిలోగా ఉద్యోగం ఖాయమైతే సరే, లేకపోతే వచ్చి గల్లాపెట్టె దగ్గర కూర్చోవాలని షరతు పెట్టి పంపాడు. దానికేమో ఆ దుకాణంలో చింతపండు వాసన పీలుస్తూ బతుకు వెళ్ళదీయడం కంటే ఘోరం ఇంకొకటి లేదు. అటువంటి పిల్లకు నా చేతనైన మేలు చేయాలని, వచ్చిన వారంలోనే కోఠీకి తీసుకుపోయి అచ్చం నావంటి జతనే కొనిపించాను.

ఆ రోజునుంచి దాని పేజీలు ఎర్ర గీతలతో నిండిపోసాగాయి. ఖాళీలు, తప్పులు, సగం సగం మాటలు. మేడంగారు వెనకనుంచి తగిలించుకునేవి కొనమన్నారు. అన్నయ్యగారు తనవి తెచ్చి దాని తలకు పెట్టబోయారు. నేను ఇద్దరినీ అడ్డుకున్నాను. లోపం వినేవాళ్ళ ధ్యాసలో ఉంటుంది గాని హెడ్‌ఫోన్లలో ఉండదని, సత్సంగంలో విన్న ప్రవచనాలన్నీ దాని మీద కుమ్మరించాను. అది కళ్ళు తుడుచుకుంటూ, "అక్కా, డాక్టరు నోట్ల బెల్లంగడ్డ వెట్టుకోని మాట్లాడినట్లే ఉంది. నాకేం సమజైతలేదే!" అంది. "మనసు వెట్టి ఇను, అన్నీ ఇనవడ్తయ్. నాకు ఇనవడ్తలేవా?" అన్నాను. ఏళ్ళ తరబడి అవే డాక్టర్లు, అవే జబ్బులు కనుక నాకు నిజంగానే వినబడేవి.

ఇంతలో దసరా వచ్చింది. దాని ఉద్యోగం తేల్చే పరీక్ష పండుగ మర్నాడే పెట్టారు. ఆయుధపూజనాడు కంప్యూటర్లూ, పెడళ్ళూ, హెడ్‌ఫోన్లూ అన్నీ అమ్మవారి పటం ముందు పేర్చి పూజ చేయడం మా ఆఫీసు ఆనవాయితీ, ఆ పని ఎప్పుడూ నాదే. అందరి వాటికీ గంధం, కుంకుమబొట్టు పెట్టి ఊరుకున్నాను గాని, చెల్లెలి జత దగ్గరికి వచ్చేసరికి చేయి ఆగలేదు. పిల్ల బతుకు వీటిమీదే ఉంది తల్లీ అని, కలశంలో నీళ్ళతో పసుపు చిక్కగా కలిపి, గడపకు పూసినట్టు ఆ స్పాంజి తొడుగులకు నిండుగా పట్టించాను. అవి పాపం ఎంత పోస్తే అంత తాగాయి. అన్నయ్యగారు చూసి, "అమ్మా, అవి హెడ్‌ఫోన్సండి, పులిహోర కాదు" అన్నారు. పూజ వేళ అపహాస్యం తగదని కళ్ళెర్రజేశాను.

పరీక్షరోజు పొద్దున వెళ్ళి చూస్తే తొడుగులు ఎండిన వడియాల్లా బిగుసుకుపోయి ఉన్నాయి. చెవికి ఆనిస్తే గీసుకుంటున్నాయి. చెల్లెలు ఏడుపు మొహం పెట్టుకుని నావైపు చూసింది. మిగిలినవాళ్ళ హెడ్‌ఫోన్లు అప్పటికే ఎవరి చెవులకు వాళ్ళవి ఎక్కిపోయాయి. నావి ఇస్తానంటే, "వద్దక్కా, గవి గూడ గిట్లాంటియే" అని, రెండు తొడుగులూ పీకి చెత్తబుట్టలో పడేసి, ఉత్త ప్లాస్టిక్ డిప్పలు చెవులకు తగిలించుకుని లోపలికి పోయింది. నేను గోడవైపు తిరిగి జపం చేసుకుంటూ కూర్చున్నాను. చిన్నాన్నకు ఏం చెప్పాలో కూడా ఆలోచించుకుంటున్నాను, అబద్ధమెందుకు.

అది బయటికి వచ్చినప్పుడు చెవులు రెండూ ఎర్రగా కంది ఉన్నాయి, మొహం మాత్రం వెలిగిపోతోంది. మేడంగారు పేజీలన్నీ తిరగేసి, ఎర్ర కలం మూతే తీయలేదన్నారు. డాక్టరు మింగిన మాట కూడా వినబడిందట. ఉద్యోగం ఖాయమైంది. కిందనున్న ఫోన్ బూత్‌నుంచి చిన్నాన్నకు చెబితే, "అయితే దుకాణంల జీతగాన్ని వెట్టుకోవాలె ఇగ" అన్నాడు. అది ఆయన ఆశీర్వాదం.

నేను మాత్రం అమ్మవారే ఆ తొడుగులు తీయించిందని అప్పుడూ అన్నాను, ఇప్పుడూ అంటున్నాను. అయితే నా హెడ్‌ఫోన్లలో నాకు అంత స్పష్టంగా వినబడడం మాటేమిటని వాదించాను. చెల్లెలు నా జత తీసుకుని, నా క్యాసెట్టే పెట్టుకుని కాసేపు విని, ఒక్క నామం కూడా తెలియడం లేదని తీసేసింది. తర్వాత నా భుజం మీద చేయివేసి, "అక్కా, ఆ పారాయణం నీకు నోటికొచ్చు. నువ్వు ఇనేది హెడ్‌ఫోన్లల్లకెల్లి గాదే, నీ లోపటికెల్లి" అంది. అన్నయ్యగారు పడీపడీ నవ్వారు. నాకూ నవ్వు ఆగలేదు.

ఆ ఆఫీసు ఇప్పుడు లేదు. ఆ పనంతా యంత్రాలే చేసేస్తున్నాయట. చెల్లెలు ఇంకో కంపెనీలో పెద్ద పదవిలో ఉండి, పండుగకో పబ్బానికో కనిపిస్తుంది. ఒకరి హెడ్‌ఫోన్లు ఇంకొకరి చెవులకు పెట్టి, ఎలా ఉందో చెప్పమని మొహంలోకి చూస్తూ నిలబడే మనుషులు కూడా ఎక్కడా కనబడరు. నాకూ వయసు మీదపడి వినికిడి మందగించింది. శనివారం సత్సంగంలో ప్రతి నామమూ ఇప్పటికీ గంట కొట్టినట్టు వినబడుతుంది. ఇంటికి వచ్చాక మాత్రం మనవరాలు బడి కబుర్లు ఏవేవో గలగలా చెబుతుంటే, అందులో సగం నా చెవిదాకా రాదు. వినబడినట్టు తలూపుతాను. ఆ పిల్లకు తెలిసిపోతుంది, మళ్ళీ మొదటినుంచి చెబుతుంది.

చదువుతున్న మీరు కూడా ఒక్క క్షణం కళ్ళు మూసుకుని నాతో కలిసి అడగండి. స్వామీ, మాకు నోటికి వచ్చినవి ఎలాగూ వినిపిస్తున్నావు. మాకింకా తెలియనివాటిని, మా పిల్లలు చెప్పే కొత్త మాటలను కూడా వినిపించు తండ్రీ.