బాపట్ల నుంచి రేపల్లె దాకా, మా కెజియా రాయితో

ఈ బ్లాగులో ఇదివరకు నేను రాసినవన్నీ తిండి గురించీ సముద్రం గురించీ. సూర్యలంకకు ఏ పూట వెళ్తే రద్దీ ఉండదు, వాడరేవులో చేపల పులుసు ఎక్కడ బాగుంటుంది, ఇలాంటివి. ఈసారిది అలాంటి ప్రయాణం కాదు. తెనాలి నుంచి బాపట్ల వెళ్లి, మా అమ్మాయి సమాధికి చేయించిన రాయిని తీసుకుని, రేపల్లె మీదుగా అడవులదీవి వైపున్న మా అత్తగారి ఊరికి చేర్చిన ప్రయాణం. నాకు ఈ పని పడినప్పుడు చెప్పేవాళ్లు ఎవరూ లేరు. రాయిని ఎలా తేవాలి, ఎంతవుతుంది అని అడగడానికి నోరు కూడా రాదు. మీలో ఎవరికీ ఈ అవసరం రాకూడదు. వస్తే మాత్రం ఇది పనికొస్తుంది.

కెజియా మాకు ఒక్కతే కూతురు. వడ్లమూడిలో ఇంజనీరింగ్ రెండో ఏడు చదువుతుండగా జ్వరం వచ్చింది. తగ్గుతుందన్నారు, తగ్గలేదు. తెనాలిలో మా సంఘం సమాధుల దొడ్డిలో చోటు లేక, నా భార్య సుగుణ పుట్టిన ఊళ్లో పెట్టాం. ఏడాది నిండిన రోజున సమాధి మీద రాయి నిలబెట్టి జ్ఞాపకార్థ కూడిక జరుపుకోవడం మా వాళ్ల అలవాటు. రాయి మీద పేరు, తేదీలు, వాటి కింద ఒక వాక్యం. ఎవరి రాయి చూసినా దాదాపు అదే వాక్యం, పునరుత్థానమూ జీవమూ తానేనని యేసు చెప్పుకున్న మాట. నేను బడిలో లెక్కల మాస్టర్ని, చర్చిలో సంఘ పెద్దని. ఎవరింట్లో చావు జరిగినా ఆదరణ కూడికలో లేచి ఆ మాట చదివేది నేనే.

మూడు నెలల క్రితం సుగుణ అడిగింది. “రాయి మీద ఏ వాక్యం వేయిస్తున్నారండీ?”

“ఏదీ వద్దు. పేరు చాలు” అన్నాను.

“అంటే, మళ్లీ మన పిల్లని చూస్తామని మీకు నమ్మకం లేదా?”

లేదు. అదే చెప్పాను. మెత్తగా చెప్పి ఉండొచ్చు గానీ, ఆ ఏడాదిలో మెత్తదనమంతా అయిపోయింది. మర్నాడు ఆమె బ్యాగు సర్దుకుని పుట్టింటికి వెళ్లిపోయింది. ఆ తర్వాత ఎప్పుడు ఫోన్ చేసినా మా అత్తగారే ఎత్తేవారు. ఈ కూడిక అయ్యాక సుగుణ తెనాలి వస్తుందా రాదా అన్నది ఆవిడ కూడా చెప్పలేకపోయారు. ఒట్టి పేరు మాత్రమే ఉన్న రాయిని చూశాక రాదని నాకు తెలుసు. అయినా నమ్మనిదాన్ని నా బిడ్డ నెత్తిన ఎలా పెట్టను?

కూడిక సాయంత్రం నాలుగింటికి. ఉదయం ఏడు ప్రాంతంలో తెనాలి జంక్షన్‌లో చీరాల వైపు వెళ్లే బండి ఎక్కాను. బాపట్లకు జనరల్ టికెట్టు యాభై రూపాయల లోపే, గంట ప్రయాణం. స్టేషన్ బయట ఇడ్లీ తినేసి ఎక్కితే మంచిది, బండిలో ఏమీ దొరకదు. నేను తినలేదు. నిడుబ్రోలు దాకా కిటికీ పక్కన సీటు దొరకదు, ఆ తర్వాత జనం దిగుతారు. పొలాలన్నీ పచ్చగా ఉన్నాయి. పచ్చదనం చూస్తే నాకు ఈమధ్య కోపం వస్తోంది.

కిటికీ దగ్గర కూర్చుని, సండే స్కూల్లో ఏళ్ల తరబడి నేను పిల్లలకు చెప్పిన పాఠం గుర్తుచేసుకున్నాను. యేసు తన గురించి తాను ఏమేమని చెప్పుకున్నాడు? రొట్టె అన్నాడు, వెలుగు అన్నాడు, తలుపు అన్నాడు. కాపరినన్నాడు, దారినన్నాడు, ద్రాక్షతీగనన్నాడు. పిల్లలతో పాటు కెజియా కూడా ముందు వరసలో కూర్చుని వేళ్లు మడిచి లెక్కపెట్టేది. ఇవన్నీ ఇంట్లో వాడుకునే మాటలని చెప్పేవాణ్ని. రొట్టె అంటే పక్కింటివాడికి పెట్టమని. వెలుగంటే ఎదుటివాడు తడుముకోకుండా చూడమని. తలుపంటే వచ్చినవాణ్ని గుమ్మం బయట నిలబెట్టొద్దని. ఇప్పటికీ వాటి మీద నాకు పేచీ లేదు. ఆ ఒక్క మాటతోనే. పునరుత్థానం అంటే మర్నాడు పొద్దున లేచి నేనేం చెయ్యాలి? దాన్ని ఏ గిన్నెలో పెట్టుకోవాలి? ఇన్నేళ్లూ ఇతరుల ఇళ్లలో దాన్ని చదివి, టీ తాగి, చెప్పులేసుకుని వచ్చేశాను. ఆ ఇళ్లవాళ్లు ఆ తర్వాత దాంతో ఏం చేసుకున్నారో ఒక్కర్నీ అడగలేదు.

బాపట్ల స్టేషన్ నుంచి రాళ్ల కొట్టుకు ఆటోలో పది నిమిషాలు. మాట్లాడుకుంటే యాభై రూపాయలు, మాట్లాడకపోతే వంద. రాళ్లు చెక్కే బ్రహ్మయ్య గారికి అరవై దాటుంటాయి. శివాలయాలకు నందులూ చేస్తారు, మాకు సిలువలూ చేస్తారు. నన్ను చూడగానే లేచి, గోనెపట్టా తీసి చూపించారు. నల్లటి గ్రానైటు పలక, అద్దంలా మెరుస్తోంది. పైన సిలువ, మా అమ్మాయి పేరు, రెండు తేదీలు. వాటి కింద రెండు వరుసల్లో బంగారు రంగు నింపిన అక్షరాలు.

ఆ మాటే.

“ఇదెవరు వెయ్యమన్నారండి?” అన్నాను.

ఆయన కంగారుపడ్డారు. “మీ వాళ్లెవరు చేయించుకున్నా కింద ఆ మాట ఉంటదండి. పేరూ తేదీలు చెప్పి అంతే అన్నారు. దుఃఖంలో ఉన్నారు కదా, మర్చిపోయారనుకున్నానండి. బోసిగా ఉంటే బాగోదని మా వాడితో వేయించా. దానికి వేరే డబ్బులేం తీసుకోనండి.”

“తీసెయ్యండి.”

“తీయాలంటే పలకంతా అరగదీసి మళ్లీ పాలిష్ పెట్టాలండి. రేపు సాయంత్రానికి గానీ అవదు. ఏంటండీ, తప్పులేమన్నా పడ్డాయా?”

తప్పులేం పడలేదు. ఒక్క అక్షరం తేడా లేదు. అది నేను నమ్మడం లేదని ఆయనకెలా చెప్పను? ముప్పై ఏళ్లుగా మా వాళ్ల రాళ్లు చెక్కీ చెక్కీ, క్రైస్తవుల దుఃఖం ఇలాగే ఉంటుందని ఆయనకు ఖాయమైపోయింది. మేమే అలా ఖాయం చేశాం. కాసేపు అరిచాను. అరిచి, కొట్టు ముందున్న నంది పక్కనే కూలబడ్డాను. బ్రహ్మయ్య గారు మంచినీళ్లు తెచ్చిచ్చారు. ఇంక చేసేదేమీ లేదు. రాయి లేకుండా వెళ్తే కూడిక లేదు. ఈ రాయితో వెళ్తే నాది కాని మాట నా కూతురి మీద ఉంటుంది.

బాపట్ల నుంచి ఊరి దాకా ట్రాలీ ఆటోకు రెండు వేలు. రాయి ఎక్కించడానికి, దించడానికి మనుషుల కూలి వేరే. మనుషుల్ని పిలిపించి, ఎక్కించి బయల్దేరేసరికి పదకొండు దాటింది. డ్రైవర్ పేరు వెంకటేశ్వర్లు. వాళ్లది అడవులదీవి దగ్గర సముద్రం మీద చేపల వేటకెళ్లే కుటుంబం. కొట్టు దగ్గర నా అరుపులన్నీ విన్నాడు. రోడ్డు బాగానే ఉంది గానీ గుంత వచ్చినప్పుడల్లా వెనకాల రాయి ఉలిక్కిపడిన చప్పుడు. పగిలితే బాగుండును అనుకున్నాను. పగిలితే ఎవరిదీ తప్పు కాదు.

“బాబాయ్ గారూ, ఒకటడగనా?” అన్నాడు కర్లపాలెం దాటాక. “ఆ రాసిన మాట ఎవరితో చెప్పిందండి?”

ఒక ఊళ్లో మార్త అనే ఆవిడ తమ్ముడు చచ్చిపోతే, యేసు ఆలస్యంగా వచ్చాడనీ, ఆవిడ ఊరి బయటికి ఎదురెళ్లి, నువ్వుంటే మా తమ్ముడు చచ్చిపోయేవాడు కాదు అని నిలదీసిందనీ, అప్పుడన్నాడనీ చెప్పాను.

“నిలదీసిందా? మంచి పని చేసింది” అన్నాడు. గేరు మార్చి, “మా అన్న వేటకెళ్లి రాలేదండి. మనిషి దొరకలా. మా వదిన ఇప్పటికీ బోట్లొచ్చే టయానికి రేవు కాడికొస్తది. మీకు చూసుకోడానికి చోటన్నా ఉందండి” అన్నాడు.

మంచి మనసుతోనే అన్నాడు. కానీ ఎవరి దుఃఖం ఎవరిదానికంటే తక్కువో తూచే ఓపిక నాకు లేదు. చోటు ఉంది. ఆ చోటులో నా కూతురుంది. అందులో ఓదార్పు ఎక్కడుందో నాకు కనపడలేదు. చందోలు దాటి చెరుకుపల్లి వచ్చేసరికి ఒంటిగంటయింది. అక్కడ రోడ్డు పక్క మెస్సులో భోజనం నూట ఇరవై, గోంగూర పచ్చడి బాగుంటుందట. వెంకటేశ్వర్లు తిన్నాడు. నేను మజ్జిగ తాగాను. వడ్డించే ఆవిడ “ఏంటన్నయ్యా, ఒట్టి మజ్జిగేనా, ఒంట్లో బాగాలేదా?” అని అడిగింది. బాగానే ఉందమ్మా అన్నాను.

చెరుకుపల్లి నుంచి రేపల్లె దాకా ఇబ్బంది లేదు. అక్కణ్ణుంచి లోపలికి వెళ్లే రోడ్డు ఇరుకు, రెండు వైపులా చేపల చెరువులు, ఎదురుగా లారీ వస్తే ఒకరు వెనక్కి వెళ్లాల్సిందే. మూడున్నరకు చేరాం. సమాధుల దొడ్డిలో పాస్టరు గారు, ఇద్దరు మేస్త్రీలు, పదిమంది బంధువులు. మా అత్తగారి పక్కన తెల్ల చీరలో సుగుణ. చిక్కిపోయింది. నా వైపు చూసి తల తిప్పుకుంది.

మేస్త్రీలు రాయిని నిలబెట్టి సిమెంటు కూరారు. పైన కప్పిన గోనెపట్టా లాగారు. సుగుణ చూడకూడదనుకుంటూనే చూసింది. తర్వాత దగ్గరికొచ్చి మోకాళ్ల మీద కూర్చుని, దారిలో పడ్డ దుమ్మంతా కొంగుతో తుడిచింది. ఆ రెండు వరుసల మీద వేలు పెట్టి, చదువురాని మనిషిలా ఒక్కో అక్షరాన్నే తడిమింది. నా వైపు తిరిగింది.

“వేయించారా?” అంది. “మీరు వేయించరనుకున్నానండీ.”

నేను నోరు తెరిచాను. ట్రాలీ దగ్గర నిలబడ్డ వెంకటేశ్వర్లు నన్నే చూస్తున్నాడు. అతనికి అంతా తెలుసు. అతను ముఖం పక్కకు తిప్పుకుని, తాడు చుట్టుకుంటూ ఉండిపోయాడు. నేను నోరు మూసుకున్నాను.

పాట అయ్యాక పాస్టరు గారు, “అన్నయ్యా, రాయి మీద మాట మీరే చదవండి” అన్నారు. ఎన్ని సమాధుల దగ్గర చదివానో లెక్కలేదు. లేచి నిలబడ్డాను, గొంతులోంచి శబ్దం రాలేదు. అందరూ ఏడుస్తున్నానని అనుకున్నారు. సుగుణ లేచి, చూడకుండా తనే చదివింది. రాయి మీద ఉన్నంతవరకూ చదివి ఆగలేదు. యేసు ఆ మాట అన్న వెంటనే మార్తను ఒక ప్రశ్న అడుగుతాడు, ఇది నమ్ముతున్నావా అని. ఆ ప్రశ్నను ఎవరూ రాళ్ల మీద చెక్కించరు. నేను కూడా ఏ ఇంట్లోనూ అక్కడిదాకా చదవలేదు. సుగుణ చదివింది. చదివి నా ముఖంలోకి చూసింది.

తల ఊపాను.

రేపల్లె నుంచి తెనాలికి ప్యాసింజర్ బండి ఉంది, టికెట్టు చాలా చవక, గంట పైన పడుతుంది. రోజుకు కొన్నే ఉంటాయి కాబట్టి వేళలు ముందే కనుక్కోండి. సుగుణ తన బ్యాగు తెచ్చుకుని నాతో పాటు ఎక్కింది. దారిలో నా భుజం మీద నిద్రపోయింది. ఇంటికొచ్చాక అన్నం వండింది, కంచాల ముందు కూర్చుని ప్రార్థన చెయ్యమంది. చేశాను. పైకప్పుతో మాట్లాడినట్టు అనిపించింది.

ఇది జరిగి నెల దాటింది. రెండు నెలలుగా లేని వంట వాసన ఇంట్లో ఉంది, పక్క గదిలో మనిషి అలికిడి ఉంది. అవన్నీ ఒక పొరపాటు మీద నిలబడి ఉన్నాయి. నాకు మాత్రం ఏమీ మారలేదు. పొద్దున లేవగానే కెజియా లేదన్న సంగతి మళ్లీ కొత్తగా తెలుస్తుంది. పిల్లలకు చెప్పిన మాటల్లో ఇప్పుడు నా చేతనయ్యేవి చిన్నవే. రెండు కంచాలు పెట్టడం, సుగుణ లేస్తే లైటు వెయ్యడం, ఆమె మార్కెట్టు నుంచి వచ్చేసరికి తలుపు తీసి ఉంచడం. ఆ పెద్ద మాట నా వల్ల కాదు. మార్తకు ఆ మాట చెప్పిన కాసేపటికే, ఆ సమాధి దగ్గరికి వెళ్తూ చెప్పినవాడు కూడా ఏడ్చాడని రాసి ఉంది. నేను అక్కడిదాకా వచ్చి ఆగిపోయాను, అంతకు మించి ఒక్క అడుగు పడటం లేదు. సుగుణ ఈ బ్లాగు చదువుతుందో లేదో తెలీదు. చదివితే ఆ ప్రశ్న మళ్లీ అడుగుతుంది. అప్పుడు తల ఊపకుండా నోటితోనే జవాబు చెప్తాను. అప్పుడు ఆమె ఉంటుందో, బ్యాగు సర్దుకుంటుందో నాకు తెలీదు.

ఇక వెళ్లేవాళ్లకు ఒక్క సలహా. ట్రాలీలో రాయి కింద ఎండుగడ్డి మందంగా పరిపించండి, పక్కల్లో పాత టైర్లు పెట్టించండి, పలకను పడుకోబెట్టకుండా అంచు మీద నిలబెట్టి కట్టించండి. గ్రానైటు గుంతల్లో తేలిగ్గా పగులుతుంది. వెంకటేశ్వర్లు ఇవన్నీ నేను చెప్పకుండానే చేశాడు, అందుకే మా రాయి అంచు కూడా చెదరలేదు. చందోలు దాటేదాకా నేను మాత్రం అది పగలాలనే కోరుకుంటూ కూర్చున్నాను.