ఎండకు కావలి

డీజిల్ అమ్ముకుంటున్నాడని నిందవేసి సెల్ టవర్ కంపెనీ టీక్యాను కావలి పని నుంచి తీసేసింది. చిట్యాల దగ్గరి తండా పక్కన ఆ టవర్ నిలబడింది అతని చెలకలోనే.

అవి సకల జనుల సమ్మె రోజులు. బొగ్గు ఆగి, కరెంటు పోయి, టవర్‌కు జనరేటరే దిక్కయింది. రాత్రింబవళ్లు ఆడే యంత్రం రాత్రింబవళ్లు తాగుతుంది. ఇది రోడ్ల మీద వంటావార్పు చేసిన వాళ్లందరికీ తెలుసు. జనగామ నుంచి వచ్చే సూపర్‌వైజర్ దయాకర్‌కు మాత్రం, ఖాళీ ట్యాంకు పక్కన లంబాడ మనిషి కనిపించేసరికి అనుమానం తీరిపోయింది.

టీక్యాను తీసేశాక కూడా డీజిల్ అట్లనే అయిపోయింది. అయినా ఎవరూ మాట వెనక్కి తీసుకోలేదు. జనరేటర్‌ను ఎత్తుకుపోయి సోలార్ పలకలు బిగించారు. ఎండను ఎవడూ క్యాన్లలో నింపుకుపోలేడు కదా. పొగ పోయింది, చప్పుడు పోయింది, గుడిసెల్లో గిన్నెలు వణకడం మానేశాయి. ఇక కావలి మనిషి ఎందుకన్నారు.

మిర్చి ఏరే కాలం వచ్చింది. మేకలకు అందని ఎత్తులో, నున్నగా, వేడిగా ఉన్న పలకలు టీక్యా భార్య రుక్కికి నచ్చాయి. కాయలు పోసి, జారకుండా పైన పాత చీర కట్టింది. మిగతా ఆడవాళ్లూ తలో పలక పంచుకున్నారు. కరెంటుకు ఎట్లాగూ కోతలే. పలకలకు ఎండ తగలక బ్యాటరీలు చచ్చి, చుట్టుపక్కల ఫోన్లన్నీ మూగబోయాయి.

దయాకర్ ఉరికొచ్చాడు.

"ఏందమ్మా గిది?"

"ఎండవెట్టినం సారూ. మీరు గూడ ఎండ కోసమే గద వెట్టింది," అంది రుక్కి.

దయాకర్ టీక్యా వైపు తిరిగాడు. "జర తీయుమనరాదు. రేపటి సంది మళ్ల డ్యూటీకి రా."

"దొంగను కావలి వెడ్తవా?"

"అయ్యిందేదో అయ్యింది తియ్యి."

"తండా ముంగట దొంగ అన్నవు. తండా ముంగటనే కాదను. అప్పటిదాంక కాయలు ఎండనీ."

పైవాళ్లను అడుగుదామని దయాకర్ ఫోన్ తీశాడు. సిగ్నల్ లేదు. ఆడవాళ్లు కొంగులు అడ్డం పెట్టుకుని నవ్వారు.

"టీక్యా దొంగ గాదు," అన్నాడు పలకల దిక్కు చూస్తూ.

"పలకలకు గాదు, నా మొకం చూసి చెప్పు."

చెప్పాడు. అప్పుడు చీరల ముడులు విప్పారు.

ఈ సంగతి టీక్యా నోట విన్నాక, సౌరశక్తి గొప్పల గురించి దొరికిందల్లా చదివాను. మిరపకాయల సంగతి ఎక్కడా లేదు.

చివరిసారి ముసురులో కలిసినప్పుడు అతను పలకలు తుడుస్తున్నాడు. "ఉద్యోగం ఎట్లుంది టీక్యన్నా?" అని అడిగాను.

"మొగులైంది గద తమ్మీ. ఎండ ఎవనికి అమ్ముకున్నవని జనగామ నుంచి ఎప్పుడు ఫోన్ చేస్తరో అని చూస్తున్న."