కూత వినపడే రౌండు

బాగేపల్లి మైదానంలోకి సాయంత్రం ట్యాంకరు వచ్చి ఎర్రమట్టి మీద నీళ్ళు చల్లిపోయింది. ఆ తడి మీద ఇద్దరు కుర్రాళ్ళు సున్నపుపొడితో కబడ్డీ గీతలు గీస్తున్నారు. తడిమట్టి వాసన గురించి లోకంలో చాలామంది చాలా అందంగా రాశారు. దానికి సున్నం వాసన కలిస్తే మాత్రం నాకు ఇప్పటికీ చిన్న భయం వేస్తుంది, ఎవరైనా నన్ను ఆడమంటారేమోనని. నలభై దాటి, చింతామణిలో బట్టల అంగడి నడుపుకుంటూ, చేతిలో మైకు పట్టుకున్న మనిషిని ఎవరూ ఆడమనరు. ఆ సంగతి నాకు తెలుసు, భయానికి తెలియదు. కుర్రాళ్ళ గీత కొంచెం వంకర పోయింది. ఇలాంటప్పుడు నా వెనక నుంచి "సక్కంగా గీయండప్పా, పండగ ముగ్గేస్తాండారా?" అని ఒక గొంతు రావాలి. రాలేదు. ఆ గొంతు మా నరసమ్మ మేడమ్‌ది. ఆవిడ రిటైరై ఇప్పుడు గౌరిబిదనూరులో కూతురి దగ్గర ఉంటున్నారు. గీతలు అప్పటి నుంచి కొంచెం స్వేచ్ఛగా పోతున్నాయి.

మేడమ్ మా హైస్కూల్లో పీటీ టీచరు. కొండ కింది ఇరుళ కాలనీ నుంచి చదువుకుని టీచరైన మొదటి మనిషి. ఒకప్పుడు కొండల్లో తేనె తీసి, దుంపలు తవ్వి బతికిన ఆదివాసులు వాళ్ళు. ఆ సంగతి ఆవిడ దాచనూ లేదు, చాటనూ లేదు. మెడలో ఈల, కాళ్ళకు బూట్లు, జడ ముడి, చీర కుచ్చిళ్ళు బొడ్డులోకి దోపి మైదానమంతా తిరిగేవారు. నేను కబడ్డీలో కూతకు వెళితే అవతలివాళ్ళకు పెద్ద శ్రమ ఉండేది కాదు. కొన్నిసార్లు పొరపాటున మా జట్టువాళ్ళే నన్ను పట్టేసుకునేవారు. అలాంటి ఒక సాయంత్రం మేడమ్ నన్ను పక్కకు పిలిచారు.

"సీనా, నీకు ఊపిరుండాది, నోరుండాది. కాళ్ళు మాత్రం దేవుడు పెట్టడం మరిచినాడు. పో, మైకు కాడ కూచో."

"మైకులో ఏం చెప్పాల మేడమ్?"

"చూసింది చెప్పు. చూడంది చెప్పొద్దు."

జర్నలిజం చదివిన మిత్రుడికి తర్వాతెప్పుడో ఈ రెండు ముక్కలూ చెప్పాను. వాళ్ళకు అదే రెండేళ్ళు చెప్పారట. మావి కర్ణాటక సరిహద్దు ఊళ్ళు, అలా నేను స్కోరు కన్నడలో, వేళాకోళం తెలుగులో చెప్పే మైకువాణ్ణి అయ్యాను. డిగ్రీ అయ్యింది, అంగడి చేతికొచ్చింది, పెళ్ళయ్యింది. మైకు వదల్లేదు. మాట్లాడటం నాకు ఎంత ఇష్టమంటే, ఆట మధ్యలో వస్తే కొంచెం అడ్డంగా ఉండేది. ఒకరోజు కూతకెళ్ళిన అమ్మాయి గురించి నేను జోరుగా చెబుతుంటే, మేడమ్ వచ్చి నా మైకు మీద అరచెయ్యి పెట్టారు. మైదానమంతా నిశ్శబ్దం. ఆ నిశ్శబ్దంలో ఆ అమ్మాయి కూత సన్నగా, తెగకుండా వినపడింది.

"విన్నావా? అది ఊపిరి. నీది మాట. ఏది ముఖ్యం?"

"ఊపిరి మేడమ్."

"అయితే అది అయ్యేదాకా గమ్మునుండు."

తర్వాత కొన్నేళ్ళకు చిక్కబళ్ళాపురం, చింతామణి, బాగేపల్లి చుట్టుపక్కల అమ్మాయిల జట్లన్నీ కలిపి ఒక కబడ్డీ లీగు మొదలైంది. కమిటీ అధ్యక్షుడు రంగయ్యశెట్టి. కిరాణా వ్యాపారి, మనసు మంచిది, ఫోన్లో వీడియోలు చూసే అలవాటు కాస్త ఎక్కువ. ఏదో దేశంలో ఆటల లీగులు ఏడాదికో రౌండు ఆదివాసుల సంస్కృతి కోసం పెడతాయని, ఆటగాళ్ళు వాళ్ళ బొమ్మలున్న చొక్కాలు వేసుకుంటారని ఆయన చూశాడు. చూసినవాడు ఊరుకోలేదు. తన అంగడి మిద్దె మీద కమిటీని పిలిచి, కారాబూందీ పంచి, విషయం బయటపెట్టాడు.

"మేడమ్మా, ఈ తూరి బాగేపల్లి రౌండు మీ ఇరుళోళ్ళ పేరు మీద పెడదాం. హాఫ్ టైములో మీ కాలనీవాళ్ళు ఆకులు కట్టుకోని, మొగానికి రంగేసుకోని డాన్సు చేస్తే ఎట్లుంటాదంటావు?"

మేడమ్ బూందీ నమిలి మింగారు. "శెట్టప్పా, మా అవ్వ కూడా చీరే కట్టింది. ఆకులు మేకలకేసేది."

"కళ కోసరం అంటాండానమ్మా."

"సరే. హాఫ్ టైములో జనాలేం చేస్తారు?"

శెట్టి నిజాయితీపరుడు. "టీ తాగతారు," అన్నాడు.

"వాళ్ళు టీ తాగేటప్పుడు మేము ఎగరల్లనా? మమ్మల్ని పెట్టేదైతే ఆటలో పెట్టు. లేదంటే వద్దు."

ఇంకో సభ్యుడు, ఎరువుల అంగడి ఆయన, అసలు ఈ రౌండులే వద్దన్నాడు. "ఆట ఆట మాదిరి ఉండనీండప్పా. ఈ వారం వీళ్ళకి, రేపొద్దున ఇంకొకరికి. యాడికి పోయి నిలుస్తాది ఇది?" నేను ఆయన పక్షమే అనుకున్నాను. సంస్కృతిని గౌరవించడమంటే మా దగ్గర శాలువా, మైసూరు పేటా అనే తలపాగా, పండ్లబుట్ట. అది అందుకున్నవాళ్ళను మళ్ళీ పై ఏడాది దాకా ఎవరూ పలకరించరు. అయితే మేడమ్‌కు అది ఉత్త వాదన కాదు. ఆవిడ తయారుచేసే జట్టులో సగం మంది కాలనీ పిల్లలే. అందరిలోకి గట్టిగా కూతపెట్టే గంగి, శెట్టి ఆలోచన ఎలాగో చెవిన పడి, ఆకులు కట్టమంటే ఆటే మానేస్తానని ముందే చెప్పేసింది. ఆ పిల్ల మానితే మిగతావాళ్ళూ మానతారు. అలాగని రౌండే వద్దంటే, కాలనీ పేరు ఆ మైదానంలో వినపడే అవకాశం మళ్ళీ ఎప్పుడొస్తుందో తెలియదు. రెండిటి మధ్యా కూచుని ఆవిడ బూందీలో వేరుశెనగలు ఏరుకున్నారు.

"ఆ ఒక్క రౌండులో ఎవురి కూత వాళ్ళు పెట్టుకోనీ," అన్నారు చివరికి. "కబడ్డీ కబడ్డీ అనాలని బలవంతం లేదు. మావాళ్ళు మా కూత పెడతారు."

ఆ కూత సంగతి అప్పుడే మొదటిసారి విన్నాను. వాళ్ళ పెద్దవాళ్ళు తేనె కోసం బండ అంచు నుంచి తాడు మీద దిగేటప్పుడు, దిగినవాడు గొంతు ఆపకుండా ఒక రాగం తీస్తూ ఉండాలట. పైన తాడు పట్టినవాడికి కింద ఏం జరుగుతోందో కనపడదు, వినపడాలి అంతే. రాగం సాగినంతసేపు అంతా బాగున్నట్టు. తెగిందంటే వెంటనే పైకి లాగెయ్యాలి. కాలనీ పిల్లలు చిన్నప్పటి నుంచి చెడుగుడు ఆడేది ఆ రాగంతోనే. మధ్యలో గొంతు బాగా కిందికి దిగి, పెదాలు మూసుకుని తేనెటీగ మాదిరి గుంయ్‌మంటుంది. తెలియనివాళ్ళకు ఊపిరి తెగినట్టే ఉంటుంది.

"మరి రెఫరీకెట్ల తెలుస్తాది?" అన్నాడు ఎరువుల అంగడి ఆయన. మంచి ప్రశ్న.

"రెఫరీ పక్కన మా మునెమ్మవ్వ కూచుంటాది. అవ్వ తెగిందంటే తెగినట్టు."

శెట్టి బూందీ పొట్లం కింద పెట్టాడు. "మునెమ్మ గంగికి సొంత అవ్వ కదమ్మా! మనవరాలి కూత తెగిందని ఏ అవ్వ చెప్తాది?"

"తాడు సొంతమోళ్ళే పడతారు శెట్టప్పా. పరాయోళ్ళ చేతికి ఎవురిస్తారు?"

శెట్టి పొట్లం మళ్ళీ చేతిలోకి తీసుకున్నాడు. నా దగ్గర ఒక ఛలోక్తి ఉంది గానీ, మేడమ్ నా వైపు చూశారు. దాన్ని బూందీతో పాటు మింగేశాను.

ఆ రౌండు రోజు బాగేపల్లి మైదానం నిండిపోయింది. గంగి వాళ్ళకు ఎదురు జంగమకోటె జట్టు, పట్టుపురుగులు పెంచే ఇళ్ళ పిల్లలు. గెలిచినవాళ్ళు చిక్కబళ్ళాపురంలో ఫైనలు ఆడతారు. రెఫరీ పక్కన ప్లాస్టిక్ కుర్చీ వేస్తే మునెమ్మవ్వ అందులో కూచోలేదు. "ఇది ఊగతాంది," అని నేల మీద కూచుని కర్ర ఒళ్ళో పెట్టుకుంది. గంగి మొదటిసారి కూతకు వెళ్ళినప్పుడు జనం నవ్వారు. అలవాటు లేని శబ్దం. గొంతు కిందికి దిగి గుంయ్‌మన్నప్పుడు రెఫరీ చెయ్యి సగం లేచింది. అవ్వ వైపు చూశాడు. అవ్వ తల అడ్డంగా ఊపింది. చెయ్యి దిగింది. నాలుగైదు కూతలయ్యేసరికి నవ్వు పోయింది, జనం చెవులు రిక్కించారు. నేను మైకు మీద అరచెయ్యి పెట్టుకుని కూచున్నాను. నా జీవితంలో అంతసేపు నోరు మూసుకున్నది పెళ్ళిచూపుల్లో మాత్రమే.

ఆఖరి కూతకు రెండు జట్లూ సమానం. గంగి వెళ్ళింది. జంగమకోటె పిల్లలు నలుగురు అర్ధచంద్రంలా కమ్ముకున్నారు. గంగి ఒకమ్మాయి భుజం తాకింది, వెనక్కి దూకింది, ఇంకొకరి చేతిలోంచి మడమ లాక్కుంది, మధ్యగీత దాటేసింది. ఊరంతా లేచి నిలబడింది. రెఫరీ పాయింటు ఇవ్వడానికి చెయ్యి ఎత్తాడు.

అవ్వ కర్రతో నేల మీద కొట్టింది. "తెగింది."

రెఫరీకి అర్థం కాలేదు. "ఏమవ్వా?"

"గీత దాటకముందే తెగింది. లాక్కోని కాలు ఇడిపించుకునేటప్పుడు."

గంగి గీత ఇవతల రొప్పుతూ నిలబడి ఉంది. అవ్వ రెఫరీని వదిలేసి మనవరాలి వైపు తిరిగింది. "ఏమే, తెగలేదా?"

గంగి తల దించుకుంది. "తెగిందవ్వా."

కూత తెగితే పాయింటు అవతలివాళ్ళది. జంగమకోటె ఒక్క పాయింటుతో గెలిచింది. గెలిచిన పిల్లలు ముందు గంగి వైపు చూశారు. నేను మైకు మీద నుంచి చెయ్యి తీసి స్కోరు చెప్పాను, కన్నడలో, పొడిగా. అప్పుడు ఎక్కడో వెనక చప్పట్లు మొదలయ్యాయి. మెల్లగా మైదానమంతా అందుకుంది. శెట్టి తను దాచి తెచ్చిన శాలువా తీసుకుని పరుగున వచ్చి అవ్వకు కప్పబోయాడు. పేటా కూడా తెచ్చినట్టున్నాడు, మేడమ్ చూపు చూసి సంచిలోనే ఉంచాడు.

"ఓడిపోయినోళ్ళకి శాలువా యాలప్పా?" అంది అవ్వ.

శెట్టి శాలువా మడత సరిచేశాడు. "చలికాలం వస్తాంది కదవ్వా," అన్నాడు చివరికి. కమిటీ చేసిన సన్మానాలన్నిటిలో సందర్భానికి తగిన ప్రసంగం అదొక్కటే.

జనం పోయాక మేడమ్ గంగి మడమకు ఐసు పెడుతూ కూచున్నారు. నేను వైర్లు చుడుతూ అడిగాను, "బాధగా లేదా మేడమ్?"

"ఓడితే బాధ ఉండదా ఏమి. ఉండాది." ఐసుముక్క తిప్పి పెట్టారు. "అయినా మా అవ్వ తెగిందంటే ఇంతమందీ సరేనన్నారు చూడు. ఇంగొక సాక్షి యాడని ఒక్కరడగలేదు. అది నేను చిన్నప్పుడు చూడలేదప్పా." గంగి మడమ ఒకసారి నొక్కి చూసి, "ఆ ఒక్క పాయింటూ వచ్చింటే ఇంకా బాగుండు," అన్నారు.

గంగి ఐసు కింద నుంచే నవ్వింది. "వచ్చే తూరి మేడమ్," అంది. ఆట మానేస్తానన్న మాట ఎవరికీ గుర్తున్నట్టు లేదు.

పై ఏడాది జంగమకోటె పిల్లలు తమకూ సొంత కూత కావాలన్నారు. పట్టుదారం తీసేటప్పుడు వాళ్ళ అమ్మలు తీసే రాగం పట్టుకొచ్చారు. చింతామణి పిల్లలు సంతలో వేరుశెనగ అమ్మే కేకను ఒక్క ఊపిరిలో ఇరికించారు. ప్రతి జట్టుకూ చెవిపెట్టి వినడానికి ఒక పెద్దమ్మ వచ్చి కూచోసాగింది. శెట్టి నెత్తి పట్టుకున్నాడు. "ప్రతి వారమూ సంస్కృతే అయిపోతే ఇంక వేరే రౌండు యాలమ్మా?"

"అదే కదా శెట్టప్పా," అన్నారు మేడమ్.

అయినా పేరున్న ఆ ఒక్క రౌండును ఆవిడ తీసెయ్యనివ్వలేదు. మొదట తలుపు తీసినవాళ్ళ పేరు తలుపు మీద ఉండనీమన్నారు. ఈ మాట నాకు నచ్చింది. నచ్చిన మాటలు నాకు తోచకపోవడం నా దురదృష్టం.

ఈ సాయంత్రం కూడా ఆ రౌండే. లైట్లు వెలిగాయి, జనం కూచున్నారు. గంగి ఇప్పుడు మేడమ్ పాత జట్టుకు కోచ్. మునెమ్మవ్వ కూచున్న చోట గంగి వాళ్ళమ్మ నేల మీద చేరింది, ప్లాస్టిక్ కుర్చీ ఖాళీగానే ఉంది. నేను స్వాగతం చెబుతుండగా జేబులో ఫోను మోగింది. గౌరిబిదనూరు నుంచి.

"సీనా, ఫోన్లో లైవు చూస్తాండా. ఇందాకటి నుంచీ నీ గొంతే వస్తాండాది. ఆట యాడప్పా?"

"ఇంకా మొదలు కాలేదు మేడమ్."

"మరి అంతసేపు ఏం చూసి చెప్తాండావు?"

రెఫరీ ఈల వేశాడు. ఒక చిన్నపిల్ల, కొత్త పిల్ల, మధ్యగీత దాటి కూత అందుకుంది. నేను మైకు మీద అరచెయ్యి పెట్టాను. రెండో చేత్తో ఫోనును మైదానం వైపు చాచాను. గొంతు కిందికి దిగి గుంయ్‌మంది. ఫోను అవతల కూడా ఎవరూ మాట్లాడలేదు. నా మోచెయ్యి లాగుతోంది గానీ, దించలేదు. కూత సాగుతోంది.