లైను కలిపినవాడు

మేం ఆ పోస్టుకి చేరేసరికి మంచు పడుతోంది. లారీ కింద లోయలోనే ఆగిపోయింది. అక్కణ్ణుంచి సామాను వీపున వేసుకుని ఎక్కాం. ఊపిరి అందేది కాదు. నాలుగడుగులు వేయడం, ఆగడం. పైన ఒక గట్టు. గట్టు మీద మా గన్ను, అంటే ఫిరంగి, దాని చుట్టూ ఇసుక బస్తాల గోడ, వెనక రాతిలోకి తవ్విన బంకరు. బంకరులో కిరసనాయిలు స్టవ్వు. గోడల నిండా మసి. మండపేట వరిచేల మధ్య పెరిగినవాణ్ణి. అంత తెలుపు నేనెన్నడూ చూడలేదు.

గన్ను దగ్గర ఎవరి పని వాళ్ళది. అందరికీ పైన నంబర్ వన్, పంజాబీ ఆయన. నేను లేయర్ని, అంటే గురి సరిచేసేవాణ్ణి. గుండు ఎక్కించేవాడు లోడర్. బంకరు మూల టెలిఫోను దగ్గర కూర్చునేవాడు ఆపరేటర్. ఎక్కడ కొట్టాలో మాకు కనబడదు. ముందు కొండ మీద కూర్చున్న ఆఫీసరుకి కనబడుతుంది. ఆయన మాట తీగ మీద వస్తుంది, ఆపరేటర్ గట్టిగా తిరిగి చెబుతాడు, మేం పేలుస్తాం. తీగ తెగితే మేం గుడ్డివాళ్ళం.

ఆపరేటర్‌ది తుని. ఆ గట్టు మీద తెలుగువాళ్ళం మేమిద్దరమే. అంత చలిలో, అందరూ బూతులతో పిలుచుకునే చోట, వాడు నన్ను "ఏవండీ" అనేవాడు. ఒకరోజు టీ కాచుకుంటూ అడిగాను.

"ఇంట్లో ఏం పని చేస్తున్నానని చెప్పావ్?"

"ఫిరంగి పేలుస్తున్నానని చెప్పానండి."

"అదేంటి?"

"మా అన్నయ్యకి బట్టల కొట్టుందండి. కొట్లో కూర్చుని ఫోనెత్తరా అంటే వినకుండా వచ్చేశాను. ఇంత దూరమొచ్చి ఇక్కడా ఫోనే ఎత్తుతున్నానంటే నవ్వడాండీ? మీరెప్పుడైనా కలిస్తే చెప్పకండేం."

సరేనన్నాను.

అది జరిగిన ఉదయం అవతలివాళ్ళ గుళ్ళు మా గట్టు కింద పడుతున్నాయి. మంచు ఆగలేదు. ఉన్నట్టుండి ఫోను మూగబోయింది. వైర్‌లెస్ సెట్టు బ్యాటరీ చలికి అప్పటికే చచ్చిపోయింది. ముందు లోయలో మన సైనికుల కంపెనీ ఒకటి ఇరుక్కుపోయి ఉంది. మేం కొడితే తప్ప వాళ్ళు కదల్లేరు.

"లైన్ చెక్," అన్నాడు నంబర్ వన్. అంతే.

ఆపరేటర్ తీగ చుట్ట భుజాన వేసుకున్నాడు. టెస్ట్ ఫోను మెడకి తగిలించుకున్నాడు. నేల మీది తీగని గుప్పిట్లోకి తీసుకుని, అది చేతిలోంచి జారుతుండగా నడుచుకుంటూ వెళ్ళాడు. తెగిన చోటు చేతికి తెలియాలంటే అదే పద్ధతి. చూస్తుండగానే మంచులో కలిసిపోయాడు. వాడి ఫోను ముందు నేను కూర్చున్నాను.

చాలాసేపటికి మోగింది.

"ఏవండీ, వినబడతందా?"

"వినబడుతోంది. ఎక్కడున్నావ్?"

"పెద్ద రాయి దాటానండి. ఇక్కడే తెగింది. కలిపేశాను."

"వచ్చెయ్ ఇంక."

"ఆయ్, వచ్చేస్తన్నానండి."

ఆ వెంటనే అదే తీగ మీద ఆఫీసరు గొంతు వచ్చింది. ఫోను ఇంకొకరి చేతికిచ్చి గురి దగ్గరికి పరుగెత్తాను. గన్ను గొట్టం ముట్టుకోలేనంత వేడెక్కేదాకా కొట్టాం. లోయలోని వాళ్ళు బయటపడ్డారు. ఆపరేటర్ రాలేదు. మంచు తగ్గాక తీగ పట్టుకుని వెళ్ళాం. పెద్ద రాయికి అవతల ఉన్నాడు. గుండు ముక్క తగిలింది. ఎవరూ చూడలేదు.

నేను రిటైరై మండపేటలో ఒక రైసుమిల్లు గేటు దగ్గర సెక్యూరిటీ చూస్తున్నాను. కిందటేడు ఆపరేటర్ వాళ్ళ అన్నయ్య, శెట్టిగారు, వెతుక్కుంటూ వచ్చారు. తెల్ల చొక్కా, నుదుటన బొట్టు, నెమ్మదైన మాట. తునిలో కాలేజీ గ్రౌండులో ఆనాటి పోరాటాన్ని ప్రదర్శనగా చేయిద్దామనుకుంటున్నామని చెప్పారు. కాలేజీ ఎన్‌సీసీ కుర్రాళ్ళు సైనికులుగా చేస్తారట. చేయించేది ఆ కాలేజీలోనే చరిత్ర చెప్పే లెక్చరర్.

"అన్నీ ఉన్నదున్నట్టు ఉండాలండి," అన్నారు శెట్టిగారు. "అక్కడున్న మనిషి మీరొక్కరే దొరికారు. మా చంటి ఫిరంగి ఎలా పేల్చాడో కళ్ళారా చూడాలని."

చంటి. ఆ పేరు నేను వినడం అదే మొదటిసారి.

ప్రదర్శనకి కావాల్సిన గన్ను మండపేటలోనే తయారైంది. ట్రాక్టరు ట్రక్కులు కట్టే షెడ్డులో ఇనప గొట్టంతో, పాత ట్రాలీ చక్రాలతో. నేను పక్కనుండి చేయించాను. వెనక కాళ్ళు నేలలో దిగబడాలన్నాను. పేలినప్పుడు గొట్టం వెనక్కి తన్నాలన్నాను. తునిలో కుర్రాళ్ళకి డ్రిల్లు నేర్పాను. గన్నుకి సరిగ్గా వెనక ఎవరూ నిలబడరు. చొక్కా చేతులు మడవరు. గుండు వేస్తూ నినాదాలివ్వరు, ఊపిరి ఉండదు. జెండా ఊపరు. లెక్చరర్ మంచుకి థర్మోకోలు చల్లుదామన్నారు. వద్దన్నాను. దొంగ మంచు కంటే ఎండే నయమనిపించింది.

చివరికి ఆపరేటర్ దగ్గరికి వచ్చాం.

"ఆయన గుండు ఎక్కించి, పేల్చి, గన్ను మీద ఒరిగిపోతాడు," అన్నారు లెక్చరర్.

"ఆయన పని అది కాదండి."

శెట్టిగారు పక్కనే ఉన్నారు. నా వైపు చూశారు. అక్కడ అబద్ధమాడొచ్చు. మాటిచ్చాను కూడా. కానీ ఉన్నదున్నట్టు కావాలన్న మనిషి ఎదురుగా నిలబడ్డారు. చెప్పేశాను. ఫోను, తీగ, పెద్ద రాయి, అన్నీ.

"ఫోనా అండి?" అన్నారు శెట్టిగారు.

"అవునండి."

"చూసేవాళ్ళకి అర్థం కాదు గురువుగారూ," అన్నారు లెక్చరర్. "మనిషి అలా నడిచి వెళ్ళిపోతే ఏమనుకుంటారు?"

"మైకులో చెప్పండి. తీగ తెగింది, కలపడానికి వెళ్తున్నాడని. ఒక్క ముక్క చాలు."

లెక్చరర్ శెట్టిగారి వైపు తిరిగారు. "ఈయన చెప్పినట్టే చెయ్యండి," అన్నారు శెట్టిగారు.

ప్రదర్శన సాయంత్రం పెట్టారు, ఎండ ఇంకా ఉండగానే. గ్రౌండు నిండిపోయింది. సంత నుంచి వచ్చినవాళ్ళు సంచులతో సహా నిలబడ్డారు. శెట్టిగారు ముందు వరసలో కూర్చున్నారు. కుర్రాళ్ళు బాగా చేశారు. నంబర్ వన్‌గా చేసిన కుర్రాడు చెయ్యి కిందికి దించితే పెద్ద టపాకాయ పేలింది. గొట్టం నిజంగానే వెనక్కి తన్నింది. అంతా నేను చూసినట్టే ఉంది.

ఫోను మూగబోయే ఘట్టం వచ్చింది. ఆపరేటర్ కుర్రాడు లేచాడు. తీగ చుట్ట భుజాన వేసుకున్నాడు. సరిగ్గా అప్పుడే ముఖ్య అతిథిగారి కారు గేట్లోకి వచ్చింది. ఎవరో లెక్చరర్ చేతిలోంచి మైకు లాక్కున్నారు. పెద్దలు వేదిక మీదకి రావాలి, దారివ్వండి, దండలు ఎక్కడ, ఒకటే ప్రకటనలు. కుర్రాడు తలొంచుకుని, తీగ పట్టుకుని, గన్నుకి దూరంగా గ్రౌండుకి అడ్డంపడి నడిచాడు. నేను చెప్పినట్టే. ఒక్క అడుగు తప్పు లేదు.

"ఒరేయ్, ఆడు జారుకుంటన్నాడ్రా," అని ఎవరో అరిచారు.

జనం నవ్వారు. ఈలలు వేశారు. ఆ కుర్రాడు బెదిరాడు గానీ ఆగలేదు. కాలేజీ గోడ మలుపు తిరిగి కనబడకుండా పోయాడు. గన్ను మళ్ళీ పేలింది. అందరూ చప్పట్లు కొట్టారు. అతిథిగారు ఫిరంగులు పేల్చిన వీరుల గురించి మాట్లాడారు.

నేను మైకు దగ్గరికి వెళ్ళేసరికి జనం లేచిపోతున్నారు. అయినా చెప్పాను. ఎదురుగా ఉన్నవాళ్ళు కొందరు విన్నారు. నవ్వినవాళ్ళు అప్పటికే రోడ్డెక్కేశారు.

ఆ లెక్చరర్ మాట విని ఉండాల్సింది. కుర్రాణ్ణి గన్ను మీద ఒరిగేలా చేయనిచ్చి ఉంటే తుని ఊరు చేతులెత్తి దణ్ణం పెట్టేది. చంటి ఇంటికి చెప్పుకున్న మాట కూడా నిలిచేది. నిజం చూపించి వాణ్ణి నవ్వులపాలు చేశాను.

శెట్టిగారి పక్కకి వెళ్ళి నిలబడ్డాను. ఆయనే లేచారు.

"ఎంత దూరం వెళ్ళాడండి, నిజంగా?"

"ఈ గ్రౌండు చాలదండి."

"కొంత దూరం నేనూ నడిచి చూస్తానండి."

చెప్పులు విప్పి, నేల మీదున్న తీగని చేతిలోకి తీసుకున్నారు. ఆ కుర్రాడిని చూసి నేర్చుకున్నారు కాబోలు, తీగ గుప్పిట్లోంచి జారుతుండగా నడిచారు. నేను గన్ను దగ్గరే ఉన్నాను. అవతలి గోడదాకా వెళ్ళి, వెనక్కి తిరిగి, ఎండకి చెయ్యి అడ్డం పెట్టుకున్నారు.

"ఇక్కణ్ణుంచి మీరు బాగా కనబడతన్నారండి," అని కేకేశారు. "ఆడికీ కనబడే ఉంటారు కదా? ఒంటరిగా ఉన్నాననిపించి ఉండదు కదండీ?"

ఆ ఉదయం పది అడుగుల దూరంలో మనిషి మనిషికి కనబడలేదు.

"కనబడ్డామండి," అన్నాను. "అందరం కనబడ్డాం."

ఆయన తలూపి, గోడ దగ్గర్నుంచి చెయ్యి ఊపారు.

ఆఖరి బస్సుకి మండపేట వచ్చేశాను. మర్నాడు మిల్లు గేటు దగ్గర లారీలు ఎప్పటిలాగే వరస కట్టాయి. వాటి మధ్య నిలబడి ఉంటే ఒక్కోసారి ఆ గ్రౌండు కళ్ళముందుకొస్తుంది. ఖాళీ కుర్చీలకి అవతల, గోడ పక్కన, చెప్పుల్లేని కాళ్ళతో ఒక పెద్దమనిషి మా వైపు చెయ్యి ఊపుతూ ఉంటాడు.