కాకూతో ఇళ్లు చూపించిన రోజులు

నాన్న రైల్వే వర్క్‌షాపులో ఫిట్టరు. రిటైరయ్యాక క్వార్టరు ఖాళీ చెయ్యాలని మా అందరికీ తెలుసు. అయినా ఆ రోజు దగ్గరపడేదాకా ఇంట్లో ఎవరూ ఆ మాట ఎత్తలేదు. బెంగాలీ వాళ్ల ఊళ్లో, న్యూ సెటిల్‌మెంట్ అనే రైల్వే కాలనీలో నేను పుట్టి పెరిగిన క్వార్టరది. ముందు చిన్న వరండా, వెనక పెరట్లో అమ్మ బీరపాదు. దాని పందిరి కోసం నాన్న ఇనప గొట్టాలు పాతి తీగలు కట్టాడు. అటుపక్క శ్రీకాకుళం వాళ్లు, ఇటుపక్క విజయనగరం వాళ్లు. కూరలోకి కరివేపాకు లేకపోతే అమ్మ గోడ మీదుగా చెయ్యి చాపేది, అవతలి నుంచి ఎవరో ఒకరు అందించేవారు. సొంతిల్లు కట్టుకోవాలన్న ఆలోచన మా క్వార్టర్ల వరసలో ఎవరికీ ఉన్నట్టు గుర్తులేదు. రైల్వే ఇచ్చిన ఇల్లే ఇల్లు అనుకునేవాళ్లం.

నేనప్పుడు కాలేజీలో చదువుతున్నాను. నాన్నకి వర్క్‌షాపు హిందీ, బెంగాలీ వచ్చు గానీ, ముక్కూమొహం తెలియని వాళ్ల గుమ్మంలో నిలబడి ఇల్లు అద్దెకిస్తారా అని అడగడానికి మొహమాటం. ఆ పని నామీద పడింది. మలంచా రోడ్డులో టీ కొట్టు అతను నాకు ఒక బ్రోకరుని చూపించాడు. ఆయన అదే కొట్టు ముందు బెంచీ మీద కూర్చుని ఉన్నారు. యాభై దాటిన బెంగాలీ పెద్దమనిషి. ఇస్త్రీ చేసిన తెల్ల లాల్చీ, పక్కన పాత సైకిలు, దాని హ్యాండిలుకి గొడుగు. నేనాయన్ని కాకూ అన్నాను, మనం బాబాయి అన్నట్టు. ఆయన నన్ను ‘మా’ అన్నారు, మనం అమ్మా అన్నట్టే. ఆ పిలుపులు ఇప్పటికీ మారలేదు.

కాకూ ఇల్లు చూపించే పద్ధతి నాకు వింతగా ఉండేది. తాళం తీసి, మీరే చూసుకోండని చెప్పి తను బయట నిలబడేవారు. గాలి బాగా వస్తుందనీ నీళ్లకి కొదవ లేదనీ ఊదరగొట్టేవారు కాదు. ఒక ఇంట్లో అమ్మ వంటగదిలోకి వెళ్లి ఎంతసేపటికీ రాలేదు. వెళ్లి చూస్తే కిటికీ ఊచలు పట్టుకుని పక్కింటి గోడకేసి చూస్తోంది.

“ఈ గోడకవతల ఎవులున్నారో తెలీకుండా నానెలాగుంటానే?” అంది.

ఆ మాట కాకూకి బెంగాలీలో చెప్పాను. ఆయన నవ్వుతారనుకున్నాను. నవ్వలేదు. సైకిలుకి స్టాండు వేసి, పక్కింటి తలుపు తట్టి, ఆ ఇంటావిడని పిలిచారు. ఈవిడ మీ పక్కకి రావాలా వద్దా అని ఆలోచిస్తోంది, కాసేపు మాట్లాడండి అన్నారు. ఆవిడ అమ్మని లోపలికి తీసుకెళ్లి టీ ఇచ్చింది. అమ్మకొచ్చిన కొంచెం బెంగాలీ, ఆవిడకొచ్చిన నాలుగు తెలుగు ముక్కలు కలిపి ఏం మాట్లాడుకున్నారో గానీ, అమ్మ బయటికొచ్చేటప్పటికి మొహం తేటపడింది. ఆ ఇంట్లోనే చేరాం. పోయేదాకా అమ్మ అక్కడే ఉంది.

మా సంగతి తెలిసి, రిటైరవబోతున్న వాళ్లు ఒక్కొక్కరే నాన్నని అడగడం మొదలెట్టారు. మీ అమ్మాయిని ఓపాలి మాతో పంపించండి, ఆ బ్రోకరు దాదాతో మాటాడుతాది అని. వాళ్లతో వెళ్లేదాన్ని. వాళ్ల మాట కాకూకి, కాకూ మాట వాళ్లకి చెప్పేదాన్ని. పెళ్లయి, మా ఆయన మలంచాలో సైకిలు సామాన్ల దుకాణం పెట్టాక కూడా అది మానలేదు. పొద్దున్న పిల్లలకి ట్యూషన్లు, మధ్యాహ్నం కాకూ వెంట ఇళ్లు. తర్వాత్తర్వాత ఊళ్లోని ఇంజినీరింగు విద్యాసంస్థలో ఉద్యోగాలకి చేరిన తెలుగువాళ్లు వచ్చేవారు. గుంటూరు నుంచో వరంగల్లు నుంచో వచ్చి, రెండు సూట్‌కేసులతో, భాష రాక, ఎండలో నిలబడిన కొత్త దంపతులని చూస్తే నాకు అమ్మే గుర్తొచ్చేది. ఎప్పుడు ఆ పని నా ఉద్యోగమైపోయిందో నాకే తెలియదు.

ఊళ్లో పాత ఇళ్లు కూల్చి అపార్టుమెంట్లు లేపడం మొదలైంది. ఒకసారి ఒక కుటుంబాన్ని తీసుకుని, ఫ్లాట్లు అమ్మే ఆఫీసుకి నేనూ కాకూ వెళ్లాం. బల్ల దగ్గర కూర్చున్న అమ్మాయి చాలా మర్యాదగానే చెప్పింది. కొత్త చట్టం ప్రకారం ప్రభుత్వం దగ్గర ఏజెంటుగా రిజిస్ట్రేషను ఉన్నవాళ్లనే రానిస్తామంది. ఇద్దరం బయటికొచ్చి, టీ కొట్టుదాకా నడిచాం.

“నువ్వు లైసెన్సు తీసుకో మా” అన్నారు కాకూ, గ్లాసు కింద పెట్టి.

ఇద్దరం దరఖాస్తు పెట్టుకుందామన్నాను. ఆయన తల అడ్డంగా ఊపారు.

“పనిచేసే చోటు అడ్రసు అడుగుతారట. ఈ బెంచీకి ఏం అడ్రసు రాయను?”

సరదాగానే అన్నారు గానీ, ఆయనకి లేనిది నాకెందుకనిపించింది. ఇంటికెళ్లి మా ఆయనతో నాకీ లైసెన్సు వద్దనేశాను. మర్నాడు కాకూయే దుకాణానికొచ్చి, నా ఎదుటే మా ఆయనతో, ఈమె దరఖాస్తు పెట్టేదాకా నేను టీ తాగడానికి రాను అని చెప్పి వెళ్లారు. అన్నట్టే బెంచీ ఖాళీగా ఉంది. వారం తిరక్కుండా గోల్ బజార్‌లో కంప్యూటరు దుకాణానికి వెళ్లి కూర్చున్నాను.

ఫొటో, పాన్ కార్డు, పన్ను కాగితాలు, అన్నీ ఎక్కించాం. కొన్నాళ్లకి దరఖాస్తు తిరిగొచ్చింది. ఒక కార్డులో అడ్రసు వేరేగా ఉందట. చూస్తే అది మా క్వార్టరు అడ్రసు. పెళ్లప్పుడే మార్చుకోవాల్సింది, రేపు మాపు అంటూ వదిలేశాను. ఇప్పుడది మార్చేస్తే ఆ ఇంటి నంబరు నా పేరు పక్కన ఇంకెక్కడా ఉండదు. ఎందుకో ఆ పని చేసే ముందు ఒకసారి ఆ వరసకేసి వెళ్లాలనిపించింది.

వరసలో సగం ఇళ్లు ఖాళీ. మా క్వార్టరు గోడ మీద, పనికిరాదని ఇంగ్లీషులో పెద్ద అక్షరాలతో రాశారు. తలుపులు ఊడదీసుకుపోయారు. వరండాలో ఒక మేక పడుకుని ఉంది. పెరట్లో నాన్న పాతిన గొట్టాలు మాత్రం తుప్పు పట్టి, అలాగే నిలబడున్నాయి. గుళ్లో మైకు తెలుగులో ఏదో పాడుతోంది. చివరి ఇంట్లోంచి ఒకావిడ బక్కెట్టుతో బయటికొచ్చి, ఎవులింటికమ్మా అని అడిగింది. ఈ ఇల్లు మాదేనండి ఒకప్పుడు అన్నాను.

“అందరూ ఇలాగే వొచ్చి సూసుకుని ఎల్తన్నారమ్మా” అంది.

ఆవిడ ఇచ్చిన మంచినీళ్లు తాగి, అక్కడి నుంచే నేరుగా వెళ్లి అడ్రసు మార్పించుకున్నాను.

సర్టిఫికెట్టు వచ్చినప్పుడు నాన్న ఇంట్లోనే ఉన్నాడు. కళ్లజోడు పెట్టుకుని, ఇంగ్లీషు అక్షరాలు ఒక్కొక్కటే కూడబలుక్కుంటూ మొత్తం చదివాడు.

“కోటర్లో పుట్టినదానివి, నువ్వు జనానికి ఇళ్లు సూపిస్తావేటే” అని నవ్వబోయాడు. నవ్వు సగంలో ఆగిపోయింది. అమ్మ ఉంటే బాగుండేదని ఇద్దరం అనుకున్నాం.

కాకూ మళ్లీ బెంచీ మీదకొచ్చారు. ఆ నెలంతా ఆయన నన్ను తనకి తెలిసిన ప్రతి ఇంటి యజమాని దగ్గరికీ తీసుకెళ్లారు. ఎండలో సైకిలు నడిపించుకుంటూ, గుమ్మం గుమ్మంలో ఒకటే మాట, ఇకనుంచి ఈమెకి ఫోన్ చెయ్యండి అని. కొందరు ఇంకా మీరే రండి అనేవారు. ఆయన వినేవారు కాదు. ఆఖరి ఇంటి దగ్గర, తన దగ్గరున్న తాళంచెవులు నా చేతిలో పెట్టారు. ఇంటికెళ్లాక నాకు ఏడుపొచ్చింది.

ఆ తర్వాతి సంవత్సరం కాకూ అద్దెకుంటున్న ఇల్లే బిల్డరు చేతికి వెళ్లింది. ఊళ్లో ఎంతమందికో ఇళ్లు కుదిర్చిన మనిషికి సొంతిల్లు లేదని నాకప్పుడే తెలిసింది. ఆయన భార్యని వెంటబెట్టుకుని మా ఇంటికొచ్చి, మాకో చిన్న ఇల్లు చూడు మా అన్నారు. ఇబ్బందిగా, కొత్త మనిషిలా కుర్చీ అంచున కూర్చున్నారు. నేను చూపించిన ప్రతి ఇంటికీ ఆయన ఒక వంక పెట్టారు. ఒకదానికి మెట్లు ఎత్తన్నారు, ఒకదానికి పడమటి ఎండన్నారు. చివరికి ఆయన భార్యే విసుక్కుని, ఇల్లు మీరు చూడకండి, నేనూ ఈ పిల్లా చూసుకుంటాం అంది. ఇద్దరం కలిసి మలంచా వెనక సందులో ఒక కింది వాటా ఖాయం చేశాం. కాకూ లోపలికొచ్చి గదులన్నీ తిరిగి, కిటికీలు తెరిచి మూసి, చివరికి బాగుందన్నారు.

ఇప్పుడాయనకి చూపు సరిగ్గా ఆనదు. సాయంత్రాలు వీలైనప్పుడు వెళ్లి కూర్చుంటాను. ఇవాళ ఏ ఇల్లు చూపించావని అడుగుతారు. మందుల దుకాణం పక్క కొత్త అపార్టుమెంటు అని చెబితే, కాసేపు ఆలోచించి, అక్కడుండేది ఆకుపచ్చ తలుపుల మాస్టారి ఇల్లు కదా అంటారు. అవునంటాను. ఆ ఇంట్లో ఎవరెవరు అద్దెకుండి వెళ్లారో చెప్పడం మొదలుపెడతారు. ఆయన భార్య ముర్రీ, అదే మన మరమరాలు, కలిపి తెచ్చి మా ఇద్దరి మధ్యా పెడుతుంది.