పదిహేనంటే పదిహేనే

మొన్న శుక్రవారం పొద్దుగాల జహనుమా మూలమీద చాయ్ తాగుతున్న. మజీదు మైకుల ఎలాన్ చేసిండ్రు, బేకరీ వాళ్ళ పెద్దమ్మ ఇంతెఖాల్ అయింది, సాయంత్రం అసర్ నమాజు తర్వాత మట్టిచ్చుడు అని. సాసర్ల పోసిన చాయ్ అట్లనే సల్లారింది. తాగలే, పారబోయలే. పక్కకు పెట్టి లేసిన.

బస్తీ మొత్తానికి ఆమె బేకరీ పెద్దమ్మ. మాకు ఆపా. ఆపా అంటే అక్క. నాకన్న చిన్నదే, గాని పనిచేసేటోళ్ళందరికి ఆపానే. మొగడు పోయినంక ఆమే గల్లా మీద కూసున్నది. నేను భట్టీ కాడ ఉంటుంటి. మా ఇద్దరి నడుమ గోడకు ఒక చిన్న కిటికీ. దాంట్లకెళ్ళి బన్నులు అటు పోతుండె, తిట్లు ఇటు వస్తుండె.

ఇప్పుడు ఆమెను పొగిడేటోళ్ళు మస్తు మంది ఉన్నరు. నేను పొగడ. చూసింది రాస్త. రాసుడు నాకు అంతంత మాత్రమే, తప్పులుంటే మీరే సదురుకోండ్రి.

విరిగిన బిస్కట్లు ఆపా అమ్మేది కాదు. ఒక డబ్బల ఏసి తనే తినేది. "సాబిత్‌ది తింటే నాకు అరగదు" అంటుండె. సాబిత్ అంటే విరగంది. చేతిగడియారం బురఖా చెయ్యి మీదికెళ్ళి పెట్టుకునేది, మాటిమాటికి గుడ్డ మడవకుండ. జీతాలనాడు ఒక్కొక్కన్ని పిలిచి "తిన్నవా?" అని అడిగేది. తినలేదంటే పైసలు ఇయ్యకపోయేది. ముందు తినిరా పో అనేది.

ఆ జీతంలకెళ్ళే కొంత కోసి, తన దిక్కు నుంచి ఇంకింత కలిపి, మా పీఎఫ్ కట్టేది. ముసలితనానికి పనికొచ్చే పైసలు. నెల పదిహేనో తారీఖుకు కట్టాలె. గాని సర్కారు ఇంకో అయిదు రోజుల మొహ్లత్ ఇస్తుండె, గడువు మీద గడువు. హోటళ్ళోళ్ళు మాకు నెల బాకీ ఆ రోజులల్లనే తీర్చేటోళ్ళు. గట్ల నడిసి నడిసి మా బేకరీల పదిహేను అంటే ఇరవై అయిపోయింది. ఇరవై అన్న మాటే ఎవ్వడు అనకపోయేది. "పదిహేనుకు ఇస్త ఆపా" అన్న హోటలోడు పంతొమ్మిదికి తెస్తే, "టైముకే తెచ్చినవ్" అని ఆపా మెచ్చుకునేది.

ఒకనాడు లెక్కలు రాసే సారు వచ్చిండు.

"ఆపా, మొహ్లత్ తీసేసిండ్రు. ఇగ పదిహేనంటే పదిహేనే."

"పదిహేనుకే గద కడ్తున్న సార్."

"మీరు ఇరవైకి కడ్తున్నరు."

"అదే గద పదిహేను!"

మేం భట్టీ కాడ నవ్వినం. సారు నవ్వలే. ఆమెకు సమజ్ కాలేదని అనుకోకుండ్రి. సమజ్ అయింది, గాని హోటళ్ళ పైసలు చేతికి రాకపాయె. ఆ నెల పాత పదిహేనుకే కట్టింది. వడ్డీ పడ్డది, జుర్మానా పడ్డది. ఆ తర్వాతి నెల గూడ గంతే.

అప్పుడు సారు ఆమె చెవుల ఒక ఉపాయం చెప్పిండు. "ముసలోళ్ళవి నలుగురి పేర్లు పీఎఫ్‌లకెళ్ళి తీసెయ్యండ్రి. పని చేసుకోనీయండ్రి, జీతం చేతికియ్యండ్రి. కట్టేది తక్కువైతది." ఆయన గుసగుస గల్లీ దాక ఇనవస్తది. ఆ నలుగుర్ల మొదటి ముసలోన్ని నేనే.

పీఎఫ్ కట్టుడు పదేండ్లు నిండితెనే నాకు పింఛన్. ఏడాదిన్నర తక్కువ ఉండె. పేరు తీసేస్తే రేపు కొడుకు ముంగట చెయ్యి సాపాలె. నేను ఎవ్వని ముంగట సాపినోన్ని కాదు.

కిటికీల తలకాయ పెట్టి అడిగిన.

"నా పేరు తీస్తున్నవా ఆపా?"

"ఎవరు చెప్పిండ్రు నీకు?"

"మీ సారే. ఆయన గుసగుసకు భట్టీ పలకల మీద బన్నులు గూడ లేసి కూసున్నయ్."

ఆమె నవ్వలే. "చూడు భాయ్. అది మీ కష్టంలకెళ్ళి కోసి నా కాడ పెట్టుకున్న పైస. అమానత్. మంది సొమ్ము గల్లాల ఉంటే నాకు నిద్రవట్టదు."

"మరి ఇన్నేండ్లు నెలకు అయిదు రాత్రులు మంచిగనే పండుకున్నవ్ గద."

బిస్కట్లు తూస్తున్న చెయ్యి తక్కెడ కాడనే ఆగింది. నేనన్నది తప్పా అంటే, కాదు. ఇప్పుడు గూడ గదే అంట. ఆమె నాతోటి మాట్లాడుడు బందువెట్టింది. నేను గూడ మాట్లాడలే. బన్నులు అటు పోతుండె, తిట్లు మాత్రం ఇటు వస్తలేవు. అది నాకు మస్తు కష్టమైంది.

పదిహేనో తారీఖు వచ్చింది. అసలు పదిహేను. తెల్లారంగ ట్రాలీ ఆటోల సరుకు ఎక్కిస్తుంటె ఆపా బయటికొచ్చి, "భాయ్, నువ్వు గూడ ఎక్కు" అన్నది. సరుకుతోటి ఆమె ఎన్నడు పోయేది కాదు.

"నా పేరు సంగతేంది?"

"ముందు ఎక్కు."

మలక్‌పేట హోటల్ కాడ ఆగినం. మా సరుకుల సగం ఆడికే పోతుండె. హోటలోడు గల్లా దిగి ఉరికొచ్చిండు.

"ఆపా! మీరే వచ్చిండ్రు!"

"పదిహేను తారీఖు. నెల పైసలియ్యి."

"ఇస్త గద. ఎన్నడన్న ఎగ్గొట్టిన్నా? పదిహేను అంటే ఇరవై లోపల అని మీరే నేర్పిచ్చిండ్రు."

"నేర్పిచ్చింది నేనే, చెప్పేది నేనే. ఇయ్యాల్టి సంది పదిహేనంటే పదిహేనే."

"రేపు మాట్లాడుకుందం ఆపా. గిరాకీ కూసున్నది, ముందు బన్ను దించనియ్యండ్రి."

"నక్కో. పైసలు బయటికొస్తెనే బన్ను దిగుతది."

లోపల్నుంచి "బన్ను ఏదిరా భాయ్" అని లొల్లి మొదలైంది. నేను ఆపా పక్కకు జరిగిన. పేరు ఉంచుమని అడిగింది నేను. ఈ హోటల్ పోతే పేరు కాదు, భట్టీనే ఆరిపోతది. మెల్లగ అన్న, "ఆపా, ఈ ఒక్క నెల..."

"నోరు మూస్కో. నన్ను ఈడిదాక తెచ్చింది నువ్వే."

హోటలోనికి కోపమొచ్చింది. "నా గిరాకీ పోతే మీ బేకరీ ఏం తింటది ఆపా?"

"విరిగిన బిస్కట్లు" అన్నది. ట్రాలీ మర్లేయించింది.

రేస్ కోర్స్ గోడ పొంటి ఆపి, కప్పిన గుడ్డ తీయించి, తనే కిందికి దిగింది. గల్లా మీద కూసుండే ఆడిమనిషి, రోడ్డు మీద అరిసి అమ్మింది ఎన్నడు లేదు. "గరం బన్" అనవోతే గొంతు రాలే. బస్సు చప్పుడుల కలిసిపోయింది. నేను అరుస్త అన్న. వద్దని చెయ్యి అడ్డంవెట్టి మల్ల అరిసింది. ఈసారి వచ్చింది గొంతు. పనికి పోయేటోళ్ళు, వాకింగ్ చేసేటోళ్ళు ఆగి ఆగి కొన్నరు.

అమ్మింది కట్టాల్సినదాంట్ల ఒక మూలకు గూడ రాదు. అది ఆమెకు తెలుసు. గాని ట్రాలీ వాపస్ అయిందన్న ముచ్చట మాకన్న ముందు పత్తర్‌గట్టికి చేరింది. ఆడ మా సరుకు తీసుకునే చిన్న చిన్న చాయ్ హోటళ్ళోళ్ళు పైసలు పట్టుకుని బయటనే నిలవడ్డరు. ఒకడైతే "మా బన్ను తీస్కపోకు ఆపా" అని ట్రాలీ గొలుసే పట్టుకున్నడు.

పగటికి బేకరీ చేరి, వచ్చినదాంట్ల గల్లాల ఉన్నదంత కలిపి, సారుకు ఫోన్ చేసింది. "కట్టు. అందరి పేర్లు. భట్టీ భాయ్‌ది ముందుగాల వెయ్యి."

"వరుస ఉంటది ఆపా, ముందుకు వెయ్యనీకి రాదు."

"అయితే నడుమల వెయ్యి. గాని వెయ్యి."

కట్టినట్టు మెసేజ్ వచ్చిందని ఆయన చెప్పెదాక ఆమె నిలవడే ఉన్నది. ఫోన్ పెట్టేసి, కిటికీలకెళ్ళి నన్ను చూసి, "పలకలు ఎవడు కడుగుతడు, నీ తాతనా?" అన్నది. తిట్లు మల్ల మొదలైనయ్. నా పాణం లేసొచ్చింది.

మలక్‌పేటోడు కొన్ని నెలలు వేరేకాడ బన్ను తీసుకున్నడు. ఆ నెలలు మస్తు కటకట అయింది, గాని ఎవ్వని పేరు పోలే. ఆఖరికి ఆడే వచ్చిండు, పదిహేనుకు ముందే పైసలు పట్టుకుని. నాకు పదేండ్లు నిండినయ్. పింఛన్ వస్తున్నది. కొడుకు ముంగట చెయ్యి సాపలే.

శుక్రవారం అసర్ తర్వాత నేను గూడ పిడికెడు మట్టి ఏసిన. ఏస్తుంటె నా కండ్లల్ల ఆ సాయంత్రమే తిరిగింది. పీఎఫ్ కట్టినంక ఆపా లోపలికొచ్చి, మైదా బస్తాలకు ఆనుకుని కూసుని, అట్లనే నిద్రవోయింది. గల్లా ఖాళీ, నోరు కొంచెం తెరుసుకున్నది. మేం పలకలు చప్పుడు కాకుండ ఒకరి చేతికెళ్ళి ఒకరం అందుకుంట పొద్దుమీకి బన్నులు చేసినం. పైన ఉన్న బస్తా మూతి వదులుగ ఉండె. ఆమె నల్ల బురఖా మీద మైదా సన్నగ రాలుతుండె. ఎవ్వరం దులపలే.